కూత మానిన బ్రేకు

1996. మద్రాసు పోయి చెన్నై వచ్చిన ఏడాది. రాయపేటలో మా అంగడి బోర్డు మీద మద్రాసు అనే మాట పెద్ద అక్షరాల్లో ఉండేది. దాన్ని మార్చి రాస్తానని పెయింటరు రోజూ వచ్చి ప్రాణం తీసేవాడు. "బండ్లు వచ్చేది బోర్డును చూసి కాదయ్యా, నన్ను చూసి" అని పంపించేశాను. గొప్పలకు అన్న మాట కాదు. అప్పట్లో ఆ చుట్టుపక్కల బ్రేకు గురించి ఏ సందేహం వచ్చినా మెకానిక్కులే తమ దగ్గరకు వచ్చిన బండిని నా దగ్గరకు తోసేవాళ్ళు.

మాది తాతముత్తాతల కాలం నుంచి ఈ ఊళ్ళోనే ఉంటున్న తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, అంగట్లో రెండూ కలిపి, బాగా కోపం వస్తే ఇంగ్లీషు. నేను ఇంజను ముట్టుకోను. క్లచ్చి, గేర్లు వేరేవాళ్ళకు వదిలేశాను. బండి కదలకపోతే మనిషి ఇంట్లో కూర్చుంటాడు, ఆగకపోతేనే ఆసుపత్రికి పోతాడు. అందుకని బ్రేకు ఒక్కటే నా పనిగా పెట్టుకున్నాను. దాంట్లో నా మాటకు ఎదురు చెప్పినవాళ్ళు తక్కువ. చెప్పినవాళ్ళలో మొదటివారు గోవిందరాజులు నాయుడుగారు.

నాయుడుగారికి టి. నగర్‌లో పట్టుచీరల అంగడి ఉంది. మనిషి మంచివాడే, కానీ మాట తొందర. ఆయన తెల్లకారు మా వీధి మలుపు తిరగకముందే నాకు వినిపించింది. బ్రేకు తొక్కినప్పుడల్లా చెవుల్లో సూది దిగినట్టు కీచుమని కూత. ఎదురుగా టీకొట్టు దగ్గర టీ తాగుతున్నవాళ్ళు గ్లాసులు పట్టుకునే తలలు తిప్పి చూశారు. కారు మా అంగడి ముందర కాలువ మీది సిమెంటు పలక దగ్గరకు వచ్చి, ముందు చక్రాలు సరిగ్గా పలక అంచుకు ఆనేలా ఆగింది. డ్రైవరు రత్నం ఎప్పుడూ అక్కడే ఆపుతాడు. గీత గీసి కొలిచినా అంత బాగా కుదరదు.

నాయుడుగారు తలుపు తీసి దిగుతూనే అందుకున్నారు. "విన్నావా వెంకటేశా? గొంతు పట్టుకున్న పందిపిల్ల మాదిరి అరస్తా ఉండాది. పాండీ బజారులో సిగ్నల్ పడితే చాలు, జనం అంతా నా మొహమే చూస్తారు. అంగడి ముందర ఆడోళ్ళు చెవులు మూసుకుంటా ఉండారు. వాళ్ళింగ చీరలేం చూస్తారు?"

"ఎప్పుడు మొదలైంది నాయుడుగారూ?"

"ఎప్పుడేంది, ఈయన బ్రేకు మీద కాలు పెట్టుకోని కూర్చుంటాడు కదా, అప్పుటినుంచే."

రత్నం స్టీరింగు పక్కనే నిలబడి ఉన్నాడు. యాభై దాటిన మనిషి. నాయుడుగారి దగ్గర చేరి చాలా ఏళ్ళయింది. వాళ్ళ ఇంటి వెనకాల గదిలోనే భార్యతో కాపురం. ఆ మాటకు తల దించుకుని చొక్కా బొత్తాం సర్దుకున్నాడు.

నేను ముందు చక్రాలు విప్పించాను. ఈ పని తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు చెప్పాలి. చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్ళేన్ని డిస్క్ అంటాం. దానికి రెండు వైపులా బిళ్ళల్లాంటి ప్యాడ్లు ఉంటాయి. బ్రేకు తొక్కితే క్యాలిపర్ అనే పట్టు ఆ ప్యాడ్లను డిస్కుకు అదుముతుంది. ఆ రాపిడికి బండి ఆగుతుంది. మామూలు ప్యాడ్లు మెత్తన. చప్పుడు చేయవు. కానీ ఎక్కువసేపు వేడెక్కితే పట్టు వదిలేస్తాయి. పరుగుపందేల కార్లకు వేసే పర్‌ఫార్మెన్స్ ప్యాడ్లలో లోహం పాలు ఎక్కువ. అవి మంటలాంటి వేడిలోనూ పట్టు వదలవు. చల్లగా ఉన్నప్పుడు మాత్రం డిస్కు మీద సన్నగా అదిరి కూత పెడతాయి.

నాయుడుగారి కారులో ఉన్నవి ఆ రెండో రకం. సంగతేమిటని అడిగితే అప్పుడు బయటపడింది. వాళ్ళింట్లో నెలకొకసారి తిరుమలకు పోయే అలవాటు. ఎండాకాలంలో కొండ దిగుతూ ఉంటే బ్రేకు వేడెక్కి పెడలు మెత్తబడి, అందరికీ ప్రాణం గొంతులోకి వచ్చిందట. నాయుడుగారి మేనల్లుడికి శ్రీపెరుంబుదూరు దగ్గర ట్రాకులో కార్లు తోలే సరదా ఉంది. అతను విదేశాల నుంచి తెప్పించుకున్న ప్యాడ్లలో ఒక జత తీసి మామ కారుకు బిగించాడు. కొండ మీద భయం తీరింది, ఊళ్ళో కూత మొదలైంది.

ప్యాడ్లు చేతిలోకి తీసుకుని చూశాను. నాలుగూ సమంగా అరిగి ఉన్నాయి. డిస్కు మీద నీలం మచ్చ ఒక్కటి కూడా లేదు. డ్రైవరు ఊరికే బ్రేకు మీద కాలు ఆనించేవాడైతే డిస్కు కాలి నీలంగా మచ్చలు పడుతుంది.

"రత్నం తప్పేం లేదు నాయుడుగారూ. ఇది ప్యాడు గుణం. ఇంత బాగా తోలిన బండి డిస్కు నేను చూసి చాన్నాళ్ళయింది" అన్నాను.

"నువ్వూ వాడూ ఒక జట్టు. నాకు కథలు చెప్పొద్దు."

"సరే, మెత్త ప్యాడ్లు వేసేదా? ఊళ్ళో పిల్లి మాదిరి పోతుంది. కొండ దిగేటప్పుడు మాత్రం నన్ను తలుచుకోవద్దు."

"అదెట్ల కుదురుతుంది? కొండకు ఇవే ఉండాల. సప్పుడు మాత్రం ఉండకూడదు."

"అది నూటికి నూరు పాళ్ళు కాదు. ముప్పాతిక పోగొడతాను. పొద్దున చల్లగా ఉన్నప్పుడు నాలుగు కూతలు కూస్తుంది. దాన్ని మీరు భరించాల."

నాయుడుగారు కండువా దులిపి భుజం మీద వేసుకున్నారు. "దసరాకు మేము మళ్ళీ కొండకు పోతాం. ఆ లోపల సప్పుడు పూర్తిగా నిలిచిపోవాల. లేకుంటే దసరా తరవాత బండికి కొత్త డ్రైవరే" అని రత్నం వైపు చూసి, ఆటో ఎక్కి వెళ్ళిపోయారు.

రత్నం నా దగ్గరకు వచ్చాడు. "అన్నా, ఉద్యోగం పోతే పోనీ. గది కూడా ఖాళీ చెయ్యాల. ఈ వయసులో యాడికి పోయేది?" అన్నాడు. నాకు నాయుడుగారి మీద ఒళ్ళు మండింది. నా పని మీద పంతమూ పెరిగింది.

తరవాతి రెండు రోజులూ వేరే బండి ముట్టుకోలేదు. ప్యాడ్ల అంచులను ఆకురాయితో ఏటవాలుగా రాశాను. పదునైన అంచు డిస్కుకు తగిలితే అదురు ఎక్కువవుతుంది. ప్యాడు వెనకాల షిమ్ అనే పల్చటి రేకు పెట్టాను. అది అదురును తను మింగుతుంది. క్యాలిపర్ జారే పిన్నులకు వేడికి కరగని గ్రీసు రాశాను. డిస్కును ఎమరీ పేపరుతో గుండ్రంగా రుద్ది పాత పూత తీసేశాను. తరవాత రత్నాన్ని పక్కన కూర్చోబెట్టుకుని మహాబలిపురం రోడ్డు మీద బెడ్డింగ్ చేశాను. అంటే బండిని వేగంగా తోలి, పూర్తిగా ఆపకుండా మళ్ళీ మళ్ళీ బ్రేకుతో నెమ్మది చేయడం. అలా చేస్తే ప్యాడు పదార్థం డిస్కు మీద సమంగా పరుచుకుంటుంది. సముద్రపు గాలికి చల్లార్చుకుని తిరిగి వచ్చేటప్పటికి కూత దాదాపు పోయింది. రత్నం మొహంలో వెలుగు చూసి నాకు కడుపు నిండింది.

కానీ ముప్పాతిక అంటే ముప్పాతికే. పొద్దున నాయుడుగారు అంగడికి బయలుదేరే వేళకు నాలుగు కూతలు కూసేది. రత్నం రెండుమూడు సార్లు వచ్చి, "ఇంగా వస్తా ఉండాదన్నా, మొదలాళి మూతి ముడుచుకునే ఉండారు" అన్నాడు. మొదలాళి అంటే అరవంలో యజమాని. నేను చెప్పవలసింది ఒకటే. "ఇంతకన్నా తగ్గదు రత్నం. తగ్గించినానని ఎవడైనా చెప్తే వాడు నీ బ్రేకు చెడగొట్టినాడని అర్థం." నాయుడుగారికి ఫోన్ చేసి కూడా అదే చెప్పాను. ఆయన వినలేదు.

ఆయుధపూజ వచ్చింది. మా ఊళ్ళో ఆ రోజు పనిముట్లన్నీ కడిగి, నూనె రాసి, చందనం కుంకుమ పెట్టి పూజలో ఉంచుతాం. ఆ పూట స్పానరు ముట్టుకోము. బండ్లకు అరటి పిలకలు కడతారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు, బూడిద గుమ్మడి కొడతారు. మర్నాడు విజయదశమి. పనిముట్లను పూజలోంచి తీసి, మంచికని ఏదో ఒక చిన్న పని చేసి పెట్టాలి. ఆ పని కోసమే నేను పొద్దున్నే అంగడి తెరిచి, బొరుగులు పుట్నాలు పళ్ళెంలో పోసుకుని కూర్చున్నాను.

వీధిలో జనం లేరు. అయినా నాయుడుగారి కారు మలుపు తిరిగిన సంగతి నాకు తెలియలేదు. బానెట్టు మీద చందనం బొట్లతో, అరటి పిలకలతో అది నా కళ్ళముందుకు వచ్చాకే చూశాను. ఆగవలసిన పలక దాటి, పక్కన కొబ్బరిబోండాల బండి దాకా పోయి ఆగింది.

నాయుడుగారు స్వీటు పెట్టెతో దిగారు. వెనక సీట్లో ఆయన భార్య, ఆమె ఒళ్ళో మనవరాలు. "వెంకటేశా, నోరు తెరువు, మైసూరుపాకు పెడతా. నిన్న పూజ అయినప్పట్నుంచి ఒక్క కూత లేదు! ఇట్లే కొండకు పోతా ఉండాము. నీకు చెప్పి పోదామని వచ్చినా" అన్నారు. ఆయన మొహం నిండా సంతోషం.

నా చేతిలో బొరుగులు చేతిలోనే ఉండిపోయాయి. నేను ఎంత పని చేశానో నాకు తెలుసు. నేను ఆపలేని కూత పూజకు ఆగదు. ముందు చక్రం దగ్గర కూర్చుని లోపలికి వేలు పెట్టాను. జిడ్డు. ముక్కు దగ్గర పెట్టుకుంటే నువ్వులనూనె, అదీ కాలిన వాసన.

రత్నాన్ని లోపలికి పిలిచాను. "నిన్న ఏం చేసినావు?"

"ఏం లేదన్నా. వానకు డిస్కు తుప్పు పట్టినట్లు ఎర్రగా అయ్యింది. పూజకు బాగుండాలని అన్ని సామాన్లకూ రాసినట్లే దానికీ నూనెగుడ్డతో తుడిచినా."

"మంచిగా మెరిసిందా?"

"మెరిసిందన్నా. సప్పుడు కూడా పోయింది. మొదలాళి నా భుజం తట్టినారు."

"బ్రేకు?"

రత్నం కళ్ళు తిప్పుకున్నాడు. "రెండు తూర్లు తొక్కితే పట్టుకుంటుంది."

"అది తెలిసీ కొండకు బయలుదేరినావా?"

"మెల్లగా పోతాననుకున్నా." అంతే, మనిషి నా చెయ్యి పట్టుకున్నాడు. "మొదలాళికి చెప్పొద్దన్నా. నీ కాళ్ళు పట్టుకుంటా. ఈ దినమే గది ఖాళీ చెయ్యమంటారు."

నాకు చెంప పగలగొట్టాలన్నంత కోపం, ఏడవాలన్నంత జాలి, రెండూ ఒకేసారి వచ్చాయి. "చెప్పకుండా కుదరదు. ఎట్ల చెప్పాలనేది మాత్రం నాకు వదిలిపెట్టు" అన్నాను.

బయటికి వచ్చి, "అమ్మా, మీరూ పాపా లోపల కూర్చోండి, బొరుగులు తినండి" అని వాళ్ళను దించాను. నాయుడుగారు గడియారం చూసుకున్నారు. "రాహుకాలం వచ్చే లోపల పోవాల వెంకటేశా."

"పోదురుగాని. ఒక్క చుట్టు మీరే తోలండి. నేను పక్కన కూర్చుంటా."

ఆయనకు తోలడం బాగా వచ్చు. రత్నం రాకముందు ఎన్నో ఏళ్ళు అంబాసిడర్ తోలిన మనిషి. లాయిడ్స్ రోడ్డు పండగపూట ఖాళీగా ఉంది. వేగం నలభైకి వచ్చాక నేను హ్యాండ్‌బ్రేకు మీద చెయ్యి వేసుకున్నాను. అది వెనక చక్రాలకు తీగతో పనిచేస్తుంది, దానికి నూనె తగల్లేదు. "ఆ కరెంటు స్తంభం దగ్గర నిలపండి" అన్నాను.

తొక్కారు. బండి చప్పుడు లేకుండా, మెత్తగా, స్తంభాన్ని దాటి పోయింది. ఆయన కాలు నేలకు తగిలేదాకా తొక్కారు. బండి పోతూనే ఉంది. నేను హ్యాండ్‌బ్రేకు లాగాను. ఎదురుగా మలుపు గోడకు ఇంకా చాలా దూరం ఉండగానే ఆగాం. నాయుడుగారి చేతులు స్టీరింగు మీదే బిగుసుకుపోయాయి.

"ఏంది ఇది?" అన్నారు.

"డిస్కు మీద నూనె. ప్యాడు నూనె తాగితే కూత పెట్టదు, బండినీ ఆపదు. రత్నం పూజకని తుడిచినాడు. తెలీక చేసినాడు. పట్టు తగ్గిందని తెలిసినాక మాత్రం నోరు మూసుకున్నాడు."

"వాణ్ణి..." అని తలుపు తీయబోయారు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"తీసెయ్యండి, మీ ఇష్టం. రేపు కొత్తాయన వస్తాడు. వచ్చిన దినమే ఆయనకూ ఇదే మాట చెప్తారు, సప్పుడు వస్తే ఉద్యోగం ఉండదని. ఆయనేం చేస్తాడో నాకు తెలుసు. రత్నం బదులు ఇంకొకడు నూనెగుడ్డ పట్టుకుంటాడు. నాయుడుగారూ, ఈ ఊళ్ళో బ్రేకు గురించి నాకు తెలిసినంత ఎవడికీ తెలీదు. భయపడినోడు తోలే బండికి నేను గ్యారంటీ ఇవ్వలేను."

ఆయన ఫస్టు గేరులోనే, హ్యాండ్‌బ్రేకు మీద నా చెయ్యి అలాగే ఉండగా, అంగడి దాకా తోలుకొచ్చారు.

రత్నం సిమెంటు పలక మీద నిలబడి ఉన్నాడు. నాయుడుగారు దిగి అతని ఎదురుగా నిలబడ్డారు. కేకలు వేస్తారని నేను అడ్డం పోవడానికి సిద్ధంగా ఉన్నాను. వెయ్యలేదు.

"బ్రేకు పట్టుకోలేదని నాకెందుకు చెప్పలా?"

"చెప్తే అన్న దగ్గరికి తీసకపొమ్మంటారు. అన్న సరిచేస్తాడు. సరిచేస్తే మళ్ళీ సప్పుడు వస్తుంది కదా మొదలాళీ."

"బండిలో నా మనవరాలు ఉండాది రత్నం."

"తెలుసు మొదలాళీ." ఆ మాటతో రత్నం ఏడ్చేశాడు. లోపల పాప బొరుగులు నములుతూ ఇద్దరినీ చూస్తోంది.

నాయుడుగారు మా స్టూలు లాక్కుని కూర్చున్నారు. అంత పెద్దమనిషి అంత చిన్నగా అయిపోవడం చూసి నాకూ బాధేసింది. మళ్ళీ లేచి, "ఏడవొద్దు. తాళం వెంకటేశుకి ఇయ్యి. ఆటో పిల్చుకోని రా, నలుగురం ఇంటికి పోదాం. బండి రెడీ అయినాక నువ్వే వచ్చి తీసకరా" అన్నారు. రత్నం కళ్ళు తుడుచుకోకుండానే ఆటో కోసం పరిగెత్తాడు.

ఆ విజయదశమికి నా మొదటి పని ఆ కారు చక్రాలు విప్పడం. డిస్కులను థిన్నరుతో కడిగితే సరిపోయింది. ప్యాడ్లు మాత్రం పనికిరావు. లోపలికి ఇంకిన నూనెను ఏ పెట్రోలూ బయటికి లాగలేదు. వాటిని ఎవరూ ఏరుకుని వాడుకోకుండా సుత్తితో పగలగొట్టి పారేశాను. మేనల్లుడి దగ్గర ఇంకో జత ఉంటే తెప్పించి, మొదటిసారి చేసిన పనంతా మళ్ళీ చేశాను. అంచులు, రేకులు, గ్రీసు, మహాబలిపురం రోడ్డు. ఫలితమూ అదే. ముప్పాతిక పోయింది, పొద్దుటి కూత మిగిలింది. బండి ఇస్తూ నాయుడుగారికి ఆ మాట మళ్ళీ చెప్పాను. "అరవనీలే" అన్నారు.

వాళ్ళు తరవాతి నెల కొండకు పోయి వచ్చారు. మర్నాడు రత్నం లడ్డు తెచ్చి ఇచ్చి, నవ్వాపుకోలేక స్టూలు మీద కూలబడ్డాడు.

"కొండ దిగతా ఉంటే ఏదో కాలిన వాసన వచ్చిందన్నా. మొదలాళీ, వాసన వస్తా ఉండాది, బండి రోడ్డు పక్కగా నిలుపుతా అన్నా. మారుమాట లేదు. మొదలాళి దిగి, సన్నగా వాన పడతా ఉంటే గొడుగు పట్టుకోని, పాపను ఎత్తుకోని నిలబడినారు. నేను నాలుగు చక్రాలూ తడిమి చూసినా. ఏం లేదు. ముందర పోయిన బస్సు వాసన అది."

"తిట్టలేదా?"

"లేదన్నా. 'ఇంగోతూరి బాగా చూసుకో, తొందరేం లేదు' అన్నారు."

ఆ పూట నుంచి నాకు ఒక పద్ధతి స్థిరపడిపోయింది. ఇప్పటికీ మార్చుకోలేదు. ఎవరైనా యజమాని బ్రేకు కూస్తోందని డ్రైవరుతో సహా వచ్చి ఫిర్యాదు చేస్తే, నేను వెంటనే జాకీ పెట్టను. యజమానిని ఎదురుగా టీ తాగి రమ్మని పంపిస్తాను. ఆయన రోడ్డు దాటాక డ్రైవరును కూర్చోబెట్టి, ఈ చప్పుడుకు యజమాని నిన్ను ఏమంటున్నాడని అడుగుతాను. కొందరు నవ్వేసి చక్రం దగ్గరకు పోతారు. కొందరు మాత్రం ఒకసారి రోడ్డు అవతలికి చూసి, గొంతు తగ్గించి చెప్పడం మొదలుపెడతారు. అలాంటి బండికి నా పని రెండు చోట్ల ఉంటుంది. చక్రం దగ్గర పని నా చేతిలోదే. రెండో పని యజమానితో మాట్లాడటం, దానికోసం ఆయన టీ తాగి వచ్చేదాకా ఎదురుచూస్తాను.